క్లబ్ ఓనర్ల మీద నిరసన ఎలా చేయాలి: ఒక అభిమాన సంఘం కోశాధికారి రాస్తున్న గైడ్

ఫుట్‌బాల్ క్లబ్ ఓనర్లు అభిమానుల కేకలకు పెద్దగా భయపడరు. వాళ్ళ లెక్కలు ఎవరైనా చదివితే భయపడతారు, కోర్టు అంటే భయపడతారు, స్పాన్సర్ ఫోన్ చేసి "ఏంటి మీ దగ్గర ఈ గొడవ?" అని అడిగితే భయపడతారు. మీ ఓనర్‌కి వీటిలో ఏది తగులుతుందో తేల్చుకోకుండా బ్యానర్ పట్టుకుని రోడ్డెక్కొద్దని మా సంఘంలో చేరిన ప్రతివాళ్ళకీ ముందు చెబుతాను.

నాది తెనాలి. చాలాకాలంగా ఇంగ్లండ్‌లో, లాంకషైర్‌లో ఉంటున్నాను. చేసేది అకౌంటెన్సీ. మా అబ్బాయి వెంట మ్యాచ్‌లకు వెళ్ళడం మొదలుపెట్టి, ఇప్పుడు కింది డివిజన్‌లో ఆడే ఒక క్లబ్ అభిమాన సంఘానికి కోశాధికారిగా ఉన్నాను. క్లబ్ పేరు రాయడం లేదు. మా ఓనర్లు లాయర్ నోటీసు పంపడానికి వెనకాడే రకం కాదు, పైగా ఈ గైడ్‌కి ఆ పేరుతో పనీ లేదు. పేర్లు పెట్టి చెప్పిన ఉదాహరణలన్నీ బయట రికార్డయినవే. ఇక్కడ చదువుకోవడానికి వచ్చిన మన పిల్లలు, ఆస్పత్రుల్లో పనిచేసే మనవాళ్ళు ఈమధ్య స్టాండ్స్‌లో బాగా కనిపిస్తున్నారు. "అక్కా, మేమూ మార్చ్‌కి రావచ్చా, వీసాకి ఏమైనా అవుతుందా?" అని అడుగుతుంటారు. వాళ్ళ కోసమే ఇది తెలుగులో రాస్తున్నాను.

ముందు లెక్కలు చదవండి

ఇంగ్లండ్‌లో కంపెనీల కాగితాలు కంపెనీస్ హౌస్ సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. మీ క్లబ్ పేరు వెతికి 'ఫాలో' నొక్కండి. కొత్త కాగితం దాఖలైనప్పుడల్లా మెయిల్ వస్తుంది. ప్రైవేటు కంపెనీ అయితే ఆర్థిక సంవత్సరం ముగిశాక తొమ్మిది నెలల్లో లెక్కలు పెట్టాలి. ఆ గడువు దాటిపోయిందంటే మీ సంఘం మీటింగ్ పెట్టుకోవాల్సిన టైం వచ్చిందన్నమాట.

మొదటి పేజీలో ఛైర్మన్ రాసే ముచ్చట్లు వదిలేయండి. నేను వెనక నుంచి చదువుతాను. చివర్లో 'రిలేటెడ్ పార్టీ' అనే నోట్ ఉంటుంది. ఓనర్ కుటుంబానికి, ఓనర్‌కే చెందిన వేరే కంపెనీలకి క్లబ్ నుంచి ఎంత వెళ్ళిందో, అక్కడి నుంచి క్లబ్‌కి ఎంత వచ్చిందో అందులో రాయాలి. బ్లాక్‌పూల్ 2010-11లో ఒకే ఒక్క సీజన్ ప్రీమియర్ లీగ్‌లో, అంటే ఇంగ్లండ్‌లో అన్నిటికంటే పై డివిజన్‌లో ఆడింది. ఆ ఏడాది లెక్కల్లో ఓనర్ ఓవెన్ ఓయ్‌స్టన్ కంపెనీకి 1.1 కోట్ల పౌండ్లు చెల్లించినట్టు బయటపడింది. ఆటగాళ్ళ మీద ఖర్చు పెట్టడానికి చేతులు రాని క్లబ్ అది. 2014లో కొత్త సీజన్‌కి సిద్ధం కావాల్సిన వేళ చేతిలో పదిమంది ఆటగాళ్ళు కూడా లేరు. లెక్కల్లోని ఆ ఒక్క వాక్యం వంద నినాదాలకంటే ఎక్కువ పనిచేసింది.

తర్వాత 'గోయింగ్ కన్సర్న్' పేరా చూడండి. ఓనర్ డబ్బు పెట్టకపోతే వచ్చే ఏడాది క్లబ్ నడవదు అని ఆడిటర్ మర్యాదగా చెప్పేది అక్కడే. ఆ తర్వాత 'చార్జెస్' అనే ట్యాబ్. గ్రౌండ్‌నో, ఆటగాళ్ళ అమ్మకాల మీద రావాల్సిన సొమ్మునో ఎవరికి తాకట్టు పెట్టారో అందులో తేదీతో సహా ఉంటుంది. చివరగా ల్యాండ్ రిజిస్ట్రీలో కొద్దిపాటి రుసుము కట్టి గ్రౌండ్ ఎవరి పేరు మీద ఉందో తీయించండి. షెఫీల్డ్ వెన్స్‌డే తన గ్రౌండ్ హిల్స్‌బరోని 6 కోట్ల పౌండ్లకు ఓనర్ సొంత కంపెనీకే అమ్మింది. ఆ అమ్మకాన్ని లెక్కల్లో చూపించిన తీరు మీదే తర్వాత లీగ్ ఆ క్లబ్‌కి పాయింట్లు కోసింది. క్లబ్ వేరు, గ్రౌండ్ వేరు అయిపోతే రేపు కొనడానికి వచ్చేవాడు రెండు బేరాలు ఆడాలి. ఈ సంగతి అభిమానులకు ముందే తెలిసి ఉండాలి.

ఇదంతా ఒక్క పేజీకి కుదించి, సంఘంలో అందరికీ అర్థమయ్యే మాటల్లో రాసి పంచండి. లెక్కలంటే టెన్షన్ పడేవాళ్ళు ఉంటారు. మీ సంఘంలో అకౌంటెంట్, లాయర్, బ్యాంకులో పనిచేసి రిటైరైనవాళ్ళు ఎవరున్నారో అడిగి చూడండి. స్టాండ్‌లో మీ పక్క సీటులోనే ఉండొచ్చు.

డబ్బు ఏ వైపు పోతోంది?

లెక్కలు చదివాక ఒక్క ప్రశ్నకు జవాబు కావాలి. క్లబ్ డబ్బు ఓనర్‌కి పోతోందా, ఓనర్ డబ్బు క్లబ్‌కి వస్తోందా? మీ నిరసన ఎలా ఉండాలో దీన్నిబట్టే తేలుతుంది.

మాంచెస్టర్ యునైటెడ్‌ని 2005లో గ్లేజర్ కుటుంబం దాదాపు 79 కోట్ల పౌండ్లకు కొన్నది. అందులో పెద్ద భాగం అప్పు, ఆ అప్పులో అధిక భాగం క్లబ్ నెత్తిన పడింది. వడ్డీ కట్టేది క్లబ్బే. అలాంటి చోట మీరు సీజన్ టికెట్ వదులుకుంటే వెనక క్యూలో ఉన్నవాళ్ళు తీసుకుంటారు, ఓనర్‌కి పైసా తగ్గదు. అందుకని 2010లో అక్కడి అభిమానులు ఆకుపచ్చ, బంగారు రంగు కండువాలు వేసుకోవడం మొదలుపెట్టారు. క్లబ్ న్యూటన్ హీత్ పేరుతో పుట్టినప్పటి రంగులవి. క్లబ్ షాపులో కొనాల్సిన పనిలేదు, వేల మంది వేసుకుంటే టీవీలో దాచడం కుదరదు. ఆ మార్చిలో ఏసీ మిలాన్ తరఫున ఆడటానికి వచ్చిన డేవిడ్ బెక్‌హామ్ మ్యాచ్ అయ్యాక ఆ కండువా ఒకటి మెడలో వేసుకుని వెళ్ళాడు. స్పాన్సర్లు చూసేది ఇలాంటి ఫొటోలనే. టికెట్ల మీద కాకుండా స్పాన్సర్ల మీద, టీవీ మీద బతికే ఓనర్‌కి అక్కడే తగలాలి.

బ్లాక్‌బర్న్ రోవర్స్ సంగతి వేరు. మన తెలుగువాళ్ళకి ఈ క్లబ్ కథ కాస్త దగ్గరిది. బి.వి. రావు గారు హైదరాబాద్‌లో మొదలుపెట్టిన కోళ్ళ వ్యాపారమే తర్వాత పుణె కేంద్రంగా వెంకీస్ అయింది. ఆయన పిల్లల చేతిలో ఉన్న ఆ సంస్థ 2010 నవంబర్‌లో 2.3 కోట్ల పౌండ్లకు ఈ క్లబ్‌ని కొన్నది. నెల తిరిగేసరికి మేనేజర్ శామ్ అలర్డైస్‌ని పంపేశారు. 2012లో క్లబ్ ప్రీమియర్ లీగ్ నుంచి పడిపోయింది, 2017లో మూడో డివిజన్‌కి జారింది, మరుసటి ఏడాది ఒక మెట్టు ఎక్కింది. అభిమానుల కోపం అర్థం చేసుకోదగ్గదే. కానీ ఇక్కడ ఏటా వచ్చే నష్టాన్ని పూడుస్తున్నది ఓనర్లే. మీరు టికెట్ కొనకపోతే గుంట ఇంకాస్త లోతవుతుంది, దాన్ని మళ్ళీ వాళ్ళే పూడ్చాలి. భారత్ నుంచి ఆ డబ్బు పంపడానికి కొన్నాళ్ళు ఢిల్లీ హైకోర్టు అనుమతి కావాల్సి వచ్చింది కూడా. ఇలాంటి చోట గేటు దగ్గర డబ్బు ఆపడం కంటే పరువు దగ్గర, హాజరు దగ్గర నిలదీయడం మేలు. 2016లో రోవర్స్ అభిమానులు 18వ నిమిషంలో లోపలికి వచ్చి 75వ నిమిషంలో లేచి వెళ్ళిపోయారు. క్లబ్ పుట్టింది 1875లో. ఆ నిరసనకి వివరణ ఎవరికీ చెప్పాల్సిన పనిలేకపోయింది.

మూడో రకం ఓనర్ దగ్గర అసలు డబ్బే ఉండదు. జీతాలు ఆలస్యమవుతాయి, పన్ను బాకీ పడుతుంది, లీగ్ పాయింట్లు కోస్తుంది. రెడింగ్‌లో అదే జరిగింది. అప్పటికి కోత పడిన 16 పాయింట్లకు గుర్తుగా 2024 జనవరిలో పోర్ట్ వేల్‌తో మ్యాచ్ 16వ నిమిషంలో అభిమానులు మైదానంలోకి దిగారు, మ్యాచ్ రద్దయింది. క్లబ్ చేతులు మారింది మాత్రం 2025 మేలో. ఇలాంటి చోట ఓనర్ చెవిలో ఎంత అరిచినా లాభం లేదు. లీగ్ మీద, స్థానిక ఎంపీ మీద, పత్రికల మీద ఒత్తిడి పెట్టాలి. జీతం అందని గ్రౌండ్ సిబ్బంది, క్యాంటీన్ వాళ్ళ కోసం చందా పోగేయాలి. వాళ్ళు మీ పక్కన ఉంటే మీ మాటకి బలం వస్తుంది.

డిమాండ్ ఒకటే ఉండాలి

'ఓనర్ అవుట్' అని రాయడం తేలిక. దానికి ఓనర్ జవాబు కూడా తేలికే: "సరే, ఎవరైనా కొనేవాళ్ళుంటే తీసుకురండి." కాబట్టి అవుననో కాదనో తప్ప ఇంకోలా జవాబు చెప్పలేని మాట ఒకటి అడగండి. క్లబ్‌కి ధర ఎంతో చెప్పండి. ఫలానా తేదీలోపు అమ్మకానికి బయటి సలహాదారుని పెట్టండి. గ్రౌండ్‌ని తిరిగి క్లబ్ పేరు మీదికి మార్చండి.

ఈ విషయంలో లివర్‌పూల్ అభిమానులు చేసింది నాకు బాగా నచ్చుతుంది. కొత్త స్టాండ్‌లో అత్యధిక టికెట్ ధర 77 పౌండ్లు అని ఓనర్లు ప్రకటించారు. 2016 ఫిబ్రవరి 6న సండర్‌లాండ్‌తో మ్యాచ్‌లో జట్టు 2-0తో గెలుస్తున్న సమయంలో, 77వ నిమిషంలో దాదాపు పది వేల మంది లేచి బయటికి నడిచారు. మ్యాచ్ 2-2తో ముగిసింది. వారం తిరక్కుండా ఓనర్లు క్షమాపణ చెప్పి, ఆ ధర రద్దుచేసి, పాత గరిష్ఠ ధర 59 పౌండ్లనే ఉంచారు. అదే అభిమానులు పాత ఓనర్లయిన హిక్స్, జిలెట్‌లతో రెండేళ్ళకు పైగా పోరాడాల్సి వచ్చింది, చివరికి 2010 అక్టోబర్‌లో కోర్టు దాకా వెళ్ళాకే క్లబ్ చేతులు మారింది. ధర తగ్గించమంటే రోజుల్లో తేలుతుంది, క్లబ్ వదిలి వెళ్ళమంటే ఏళ్ళు పడుతుంది. మీది ఏదో మొదటి మీటింగ్‌లోనే జనానికి చెప్పండి. లేకపోతే రెండో నెలకే సగం మంది నిరుత్సాహపడి ఇంట్లో కూర్చుంటారు.

బ్యానర్ తయారీ

ఇది చిన్న పనిలా కనిపిస్తుంది గానీ పత్రికల్లో మిగిలేది ఇదే. పాత డబుల్ బెడ్‌షీట్లు రెండు కలిపి కుట్టండి. పై అంచు, కింది అంచు మడిచి కుట్టి లోపల తాడు దూర్చండి. తాడు లేకపోతే గాలికి మధ్యలో ముడుచుకుని సగం అక్షరాలు కనపడవు. గోడలకు వేసే నల్ల ఎమల్షన్ వాడండి. నిగనిగలాడే గ్లాస్ పెయింట్ వద్దు, అది ఎండడానికి రాత్రంతా తీసుకుంటుంది, మడిస్తే అంటుకుపోతుంది. రంగు గుడ్డలోంచి కిందికి దిగుతుంది కాబట్టి నేల మీద పాలిథిన్ పరవండి. అక్షరాలు ముందు పెన్సిల్‌తో గళ్ళు గీసుకుని రాయండి, గళ్ళు లేకుండా మొదలుపెడితే చివరి అక్షరాలు ఇరుకైపోతాయి. అక్షరం ఎత్తు కనీసం రెండు అడుగులు, మాటలు ఐదు దాటొద్దు. మా సంఘంలో స్కూల్ టీచర్‌గా రిటైరైన ఒకావిడ ఉన్నారు. ఆవిడ బ్యానర్ గోడకి ఆనించి, వీధి చివరిదాకా నడిచి వెళ్ళి, అక్కడి నుంచి చదవగలిగితేనే సరే అంటారు.

చాలా గ్రౌండ్లలో పెద్ద బ్యానర్‌కి అగ్ని భద్రత సర్టిఫికెట్ అడుగుతారు. నిప్పంటుకోకుండా చల్లే స్ప్రే దొరుకుతుంది. చల్లి, డబ్బా లేబుల్, రసీదు దగ్గర పెట్టుకోండి. ఇక టీవీ కెమెరాలు సాధారణంగా మెయిన్ స్టాండ్ వైపు ఉంటాయి. మీ బ్యానర్ దానికి ఎదుటి స్టాండ్‌లో ఉండాలి. గ్రౌండ్‌లో తీసేసుకుంటారని అనుమానముంటే బయట, జట్టు బస్సు వచ్చే దారిలో కట్టండి.

బాయ్‌కాట్ అంటే

బ్లాక్‌పూల్ అభిమానులు పెట్టుకున్న నియమం 'ఇక ఒక్క పెన్నీ కూడా ఇవ్వం'. టికెట్ కొనరు, జెర్సీ కొనరు, గ్రౌండ్‌లో టీ కూడా తాగరు. ఏళ్ళ తరబడి సొంత జట్టు ఆటకి దూరంగా ఉన్నారు. 2017 నవంబర్‌లో హైకోర్టు ఓయ్‌స్టన్ కుటుంబం క్లబ్ సొమ్మును అన్యాయంగా లాగేసుకుందని తేల్చి, వాటాదారు వలేరి బెలొకాన్‌కి 3.1 కోట్ల పౌండ్లకు పైగా చెల్లించమంది. 2019 ఫిబ్రవరిలో ఆస్తులు చూసుకోవడానికి కోర్టు రిసీవర్ అనే అధికారిని పెట్టింది. మార్చి 9న సౌతెండ్‌తో మ్యాచ్‌కి జనం తిరిగొచ్చారు. అంతకుముందు కొద్ది వేలమంది కూడా కనిపించని స్టాండ్స్‌లో ఆ రోజు పదిహేను వేలకు పైగా ఉన్నారు.

ఈ కథలో చాలామంది వదిలేసే సంగతి ఒకటుంది. కేసు వేసింది అభిమానులు కాదు, వాటాదారు. చట్టం ముందు నిలబడే హక్కు ఆయనకే ఉంది. ఊరు ఆ విషయాన్ని మరిచిపోకుండా, కొనేవాడికి 'ఓనర్ మారితే జనం వస్తారు' అన్న నమ్మకం పోకుండా చూసింది బాయ్‌కాట్. రెండూ కావాలి. మీ క్లబ్‌లో చిన్న వాటాదారులు ఎవరో, బాకీలు రావాల్సినవాళ్ళు ఎవరో కనుక్కుని వాళ్ళతో మాట్లాడుతూ ఉండండి. 2025 అక్టోబర్ 22న షెఫీల్డ్ వెన్స్‌డే అభిమానులు మిడిల్స్‌బ్రోతో మ్యాచ్‌ని బాయ్‌కాట్ చేస్తే అంత పెద్ద గ్రౌండ్‌లో ఏడు వేల మంది మిగిలారు. రెండు రోజులకి క్లబ్ అడ్మినిస్ట్రేషన్‌లోకి వెళ్ళింది, అంటే బాకీలు తీర్చలేక ఓనర్ చేతిలోంచి అడ్మినిస్ట్రేటర్లనే బయటి నిపుణుల చేతికి పోయింది. అసలు కారణం బాకీలే. కానీ అడ్మినిస్ట్రేటర్లు వచ్చారని తెలియగానే అదే అభిమానులు క్లబ్ షాపు ముందు బారులు తీరి కొనడం మొదలుపెట్టారు. ఎవరి చేతికి డబ్బు ఇస్తున్నామో జనానికి స్పష్టంగా తెలిసిన చోట ఇలాగే జరుగుతుంది.

బాయ్‌కాట్ పిలుపు ఇచ్చేటప్పుడు ఒక నియమం పెట్టుకోండి: లోపలికి వెళ్ళేవాళ్ళని ఒక్క మాట కూడా అనకూడదు. మాకు ఒక పెద్దాయన ఉన్నారు. భార్య అస్థికలు గోల్ వెనక గడ్డిలో కలిపారు. ప్రతి మ్యాచ్‌కి ముందు అక్కడ కాసేపు నిలబడతారు. ఆయన్ని రావద్దని అడిగే హక్కు నాకు లేదు, మీకూ లేదు. గేటు దగ్గర తిట్లు మొదలైతే ఓనర్ చేతులు కట్టుకుని చూస్తాడు, అభిమానులే చీలిపోతారు. బయట ఉన్నవాళ్ళకి చేయడానికి పని ఇవ్వండి. మహిళల జట్టు మ్యాచ్ ఉంటే అక్కడికి వెళ్ళండి, బయటి ఊళ్ళలో జట్టు ఆడే మ్యాచ్‌లకి బస్సు పెట్టండి, ఊళ్ళో పిల్లల టోర్నమెంట్ నడపండి. ఊరికే ఇంట్లో కూర్చోమంటే అలవాటే పోతుంది.

చట్టం, వీసా

ఇది ప్రతి ఒక్కరూ చదవాలి, వీసా మీద ఉన్నవాళ్ళు రెండుసార్లు చదవాలి.

శాంతియుతంగా నిరసన తెలపడం నేరం కాదు. ఒకచోట నిలబడి చేసే నిరసనకి ముందస్తు నోటీసు అక్కర్లేదు. ఊరేగింపుగా నడవాలంటే మాత్రం నిర్వాహకులు కనీసం ఆరు రోజుల ముందు పోలీసులకు రాతపూర్వకంగా తేదీ, సమయం, దారి, నిర్వాహకుల పేర్లు ఇవ్వాలి. ఇవ్వండి. పోలీసులు దారి మళ్ళించి, ట్రాఫిక్ ఆపి మీకే సాయం చేస్తారు. మీ సొంత వలంటీర్లకి మెరిసే జాకెట్లు వేయించండి, ముందొకరు, వెనకొకరు ఉండాలి, పిల్లలతో వచ్చినవాళ్ళు మధ్యలో నడవాలి.

మైదానంలోకి దిగడం, ఏదైనా విసరడం 1991 చట్టం ప్రకారం నేరం. గ్రౌండ్ లోపల పొగ డబ్బాలు, ఫ్లేర్లు జేబులో ఉన్నా నేరమే. శిక్షతోపాటు మూడు నుంచి పదేళ్ళ దాకా ఫుట్‌బాల్ బ్యానింగ్ ఆర్డర్ పడొచ్చు, విదేశాల్లో మ్యాచ్‌లున్నప్పుడు పాస్‌పోర్ట్ అప్పగించాల్సి రావచ్చు. నేరం రుజువైతే వీసా పొడిగింపు, శాశ్వత నివాసం దరఖాస్తుల్లో అది రాయాల్సిందే. తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి నేను చెప్పేది ఇదే: మార్చ్‌కి రండి, కరపత్రాలు పంచండి, ఫొటోలు తీయండి, లెక్కల్లో సాయం చేయండి. గీత దాటే పని మాత్రం మీకొద్దు. ఎవరైనా రెచ్చగొడితే పక్కకి తప్పుకోండి.

2021 మే 2న ఓల్డ్ ట్రాఫర్డ్‌లోకి జనం చొచ్చుకెళ్ళారు, లివర్‌పూల్‌తో మ్యాచ్ వాయిదా పడింది. యూరప్‌లోని పెద్ద క్లబ్బులు కొన్ని విడిగా సూపర్ లీగ్ పెట్టుకుంటామన్న ప్రకటన మీద ఉడికిపోతున్న రోజులవి, ప్రపంచమంతా చూసింది. కానీ అదే రోజు ఒక పోలీసు ముఖానికి గాయమైంది. వార్తల్లో సగం దాని గురించే. జర్మనీలో అభిమానులు టెన్నిస్ బంతులు, చాక్లెట్ నాణేలు మైదానంలోకి విసిరి మ్యాచ్‌లు ఆపుతూ పోయారు. లీగ్ ప్రసార హక్కుల్లో పెట్టుబడిదారుకి వాటా ఇవ్వడానికి 2023 డిసెంబర్‌లో 36 క్లబ్బుల్లో 24 ఓటేశాయి, 2024 ఫిబ్రవరి 21న లీగ్ ఆ బేరం వదులుకుంది. పెట్టుబడిదారు కొనాలనుకున్నది టీవీ మ్యాచ్‌లనే, అభిమానులు చెడగొట్టింది ఆ టీవీ మ్యాచ్‌ల టైమింగ్‌నే. గురి చూసి కొట్టడం అంటే అది. అయితే ఇంగ్లండ్‌లో ఆ బంతి విసిరితే కేసు అవుతుంది, కాబట్టి ఆలోచన తీసుకోండి, పద్ధతి తీసుకోకండి.

ఎదుటి జట్టు అభిమానులతో ముందే మాట్లాడండి. 2017 జనవరిలో ఎఫ్‌ఏ కప్‌లో బ్లాక్‌బర్న్, బ్లాక్‌పూల్ తలపడినప్పుడు రెండు వైపులవాళ్ళూ కలిసి నిరసన చేశారు. పక్క ఊరివాళ్ళు కూడా మీ పక్షాన మాట్లాడితే 'కొద్దిమంది ఆకతాయిలు' అనే మాట ఓనర్ నోట రాదు.

మాట జారొద్దు

బ్లాక్‌పూల్‌లో కొందరు అభిమానుల మీద పరువునష్టం కేసులు పడ్డాయి. ఆన్‌లైన్‌లో కోపంలో రాసిన మాటలకి డబ్బు కట్టి, క్షమాపణ చెప్పుకున్నారు. మిగతా అభిమానులు చందాలు వేసి ఆదుకున్నారు. 'దొంగ' అనకండి. 'లెక్కల ప్రకారం ఫలానా ఏడాది ఫలానా కంపెనీకి ఇంత వెళ్ళింది, ఎందుకు?' అని అడగండి. సంఘం తరఫున బయటికి వెళ్ళే ప్రతి పోస్టునీ ఇద్దరు చదివాకే పెట్టాలి. మేం అర్ధరాత్రి తర్వాత ఏదీ పోస్ట్ చేయం, ఓడిపోయిన రోజు అసలే చేయం.

ఇంకోటి, దీని గురించి నేను గట్టిగా మాట్లాడతాను. ఓనర్ ఏ దేశంవాడు, ఏ రంగువాడు, ఏం తింటాడు అన్నది నినాదంలో రాకూడదు. విదేశీ ఓనర్ ఉన్న చోట కోపం చాలా త్వరగా అటు జారుతుంది. అలాంటి పాట మొదలైతే స్టాండ్‌లో కూర్చున్న నాకూ, మా అబ్బాయికీ తగులుతుంది. జాతిని కించపరిచే నినాదాలు నేరం కూడా. మా మార్చ్‌లలో వలంటీర్లకి ఇచ్చే మొదటి సూచన ఇదే: అలాంటి పాట వినపడగానే పక్కనే ఇంకో పాట గట్టిగా ఎత్తుకోండి. 2012 మే 7న విగన్‌తో ఓడి ప్రీమియర్ లీగ్ నుంచి పడిపోయిన రాత్రి, బ్లాక్‌బర్న్ మైదానంలోకి క్లబ్ జెండా చుట్టిన కోడిని వదిలారు. ఆ ఫొటో ప్రపంచమంతా తిరిగింది. నాకది నచ్చలేదు. మూగజీవిని హింసపెట్టారు, జనం నవ్వుకున్నారు, అభిమానులు ఏం అడుగుతున్నారో మాత్రం ఎవరూ రాయలేదు.

మన దగ్గర

మా అమ్మ ఫోన్‌లో అంటుంది, "ఎవరి క్లబ్బుకో నీకెందుకే ఇంత తాపత్రయం?" అని. హైదరాబాద్ అభిమానులని అడిగితే చెబుతారు. హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చిలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) గెలిచింది. ఏడాదిన్నర తిరిగేసరికి జీతాలు అందక ఆటగాళ్ళు వెళ్ళిపోయారు, కొత్త ఆటగాళ్ళని తీసుకోకుండా ట్రాన్స్‌ఫర్ బ్యాన్ పడింది. 2025లో క్లబ్ ఢిల్లీకి తరలిపోయింది. గచ్చిబౌలి స్టేడియంలో పసుపు రంగు జెర్సీలతో కూర్చున్న పిల్లలకి ఇప్పుడు ఊళ్ళో ఆ జట్టు లేదు. అదే 2025 జనవరిలో కేరళ బ్లాస్టర్స్ అభిమాన సంఘం మంజప్పడ సభ్యులు యాజమాన్యం తీరు మీద నిరసనకి దిగి, టికెట్ల అమ్మకంలో సాయం చేయబోమని ప్రకటించారు. వాళ్ళకి పేరుంది, సభ్యత్వం ఉంది, స్టాండ్ ఉంది. ఫ్రాంచైజీ క్లబ్‌లో ఇవి మరీ అవసరం, ఎందుకంటే అక్కడ ఊరు కూడా మారిపోవచ్చు.

మన దగ్గర మొదలుపెట్టేవాళ్ళు జట్టు బాగా ఆడుతున్నప్పుడే సంఘం పెట్టి, సొసైటీగా రిజిస్టర్ చేయించండి. కంపెనీ కాగితాలు కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ (ఎంసీఏ) సైట్‌లో కొద్ది రుసుముతో చూడొచ్చు. ఊరేగింపుకైనా, సభకైనా పోలీసు అనుమతి ముందే తీసుకోండి.

ఓనర్ దిగిపోయేలోపు చేయాల్సినవి

ఇంగ్లండ్‌లో అయితే సంఘాన్ని ట్రస్టుగా మార్చుకోండి, ఒక్కొక్కరికీ ఒకే ఓటు. ఎక్సెటర్ సిటీని 2003 నుంచి అలాంటి ట్రస్టే నడుపుతోంది, పోర్ట్స్‌మత్‌ని 2013లో అభిమానులే కొన్నారు. కొనేంత డబ్బు లేకపోయినా ట్రస్టు ఉంటే కొత్తగా వచ్చేవాడు మాట్లాడటానికి ఒక గది, ఒక పేరు ఉంటాయి. స్థానిక కౌన్సిల్‌లో గ్రౌండ్‌ని సామాజిక ఆస్తిగా నమోదు చేయించండి. ఐదేళ్ళు అమల్లో ఉంటుంది, ఓనర్ అమ్మాలనుకుంటే ముందు కౌన్సిల్‌కి చెప్పాలి, స్థానిక సంఘం బేరానికి ముందుకొస్తే అమ్మకాన్ని ఆరు నెలలు ఆపొచ్చు. 2025 జులైలో వచ్చిన చట్టంతో ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్‌కి స్వతంత్ర రెగ్యులేటర్ ఏర్పడింది. ఓనర్లకి అర్హత ఉందో లేదో చూడటం దాని పని. మీరు చదివిన లెక్కల పేజీ, జీతాలు ఆలస్యమైన తేదీలు, ఓనర్ ఇచ్చి తప్పిన హామీల ప్రతులు అక్కడికి పంపండి. మ్యాచ్ రంగులు, బ్యాడ్జి, గ్రౌండ్ మార్చాలంటే అభిమానులను అడగాలన్న షరతు కొత్త ఓనర్ దగ్గర మొదటి మీటింగ్‌లోనే రాతలో తీసుకోండి. కార్డిఫ్‌లో నీలం జెర్సీని 2012లో ఎరుపు చేస్తే తిరిగి నీలం రావడానికి 2015 దాకా పట్టింది.

చివరగా నా శాఖ. చందా డబ్బు ఎవరి సొంత ఖాతాలోనూ వేయొద్దు. సంఘం పేరు మీద ఖాతా తెరవండి, ఇద్దరు సంతకం పెడితేనే డబ్బు కదలాలి. నెలనెలా జమా ఖర్చు అందరికీ కనపడేలా పెట్టండి, బ్యానర్ రంగు డబ్బా రసీదు దాకా. పక్కవాడి లెక్కలు అడుగుతున్నాం కాబట్టి మన లెక్కలు ఎవరడిగినా ఆ క్షణంలో చూపించగలగాలి. పోరాటం ముగిశాక డబ్బు మిగిలితే దాన్ని ఏం చేయాలో మొదటి చందా తీసుకునే రోజే మీటింగ్‌లో ఓటు వేయించి, మినిట్స్‌లో రాయించండి. మా దగ్గర అది క్లబ్ పిల్లల జట్లకి బూట్లు కొనడానికి పోతుందని రాసి ఉంది.